వేరే పుస్తకం ఫారం

బైండింగు షాపు, మేడ మీది గది
జనవరి

బుల్లికి,

మీ వదిన దీవెనలు. నువ్వు పంపిన మందుల పార్సిలు అందింది. మీ ఆయన బస్సు వీధి చివర ఆపి హారను కొట్టి, కిందనుంచి నన్ను కేకేశాడట. నాకెక్కడ వినిపిస్తుంది? కింద షాపులో కాగితాలు కోసే కటింగాయనే అందుకుని మేడ మీదికి తెచ్చిచ్చాడు. "మీ ఆడపడుచు మొగుడు వీధి వీధంతా లేపాడమ్మా, మిమ్మల్ని తప్ప" అన్నాడు.

అందుకే నేను ఫోను వద్దనేది. ఇన్నేళ్ళు ఆ కటింగు మిషను పక్కన పనిచేసి నా చెవులు సగమయ్యాయి. ఫోనులో నువ్వు చెప్పేదాంట్లో మొదలు వినిపిస్తే చివర వినిపించదు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటాను. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ నాకు చెవులు ఆయనే. ఇప్పుడు నీ ఉత్తరాలు.

పని చేతినిండా ఉంది. ప్రార్థన మందిరం వాళ్ళ కొత్త ప్రార్థన పుస్తకాలు ప్రెస్సునుంచి వచ్చాయి. నీకు గుర్తుందో లేదో, పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చువేసి మడుస్తారు, ఆ మడతని ఫారం అంటాం. ఫారాలు వరసగా పేర్చి, సూదితో కుట్టి, వెన్నుకి జిగురు రాసి అట్ట వెయ్యడం మా పని. సరిగ్గా ఇప్పుడే డ్రైవింగు స్కూలు వాళ్ళ మోటారు పుస్తకాలు కూడా వచ్చాయి. అదే సైజు, అదే కాగితం. ఒక బల్ల మీద దేవుడు, పక్క బల్ల మీద ఇంజను.

పోయినసారి వచ్చినప్పుడు నా మొహం పాలిపోయిందన్నావు కదా, మాత్రలు వేసుకుంటాను. ఇంకో సంగతి. ఈమధ్య తిన్నాక పొట్ట పైభాగంలో నొప్పి వస్తోంది. పిడికిలి పెట్టి లోపలికి నొక్కినట్టు ఉంటుంది. కాసేపు ఉండి పోతుంది. వింతేమిటంటే, ఉపవాసం ఉన్న రోజున అది రాదు. వారానికి ఒక రోజు ఉండడం నాకు ఎప్పటినుంచో అలవాటే. ఆ రోజు ఒళ్ళు దూదిలా తేలికగా ఉంటుంది, ప్రార్థనకి కూర్చుంటే మనసు నిలుస్తుంది. అందుకని ఇంకో రోజు కలిపాను. నేను అడక్కముందే దేవుడు దారి చూపించినట్టనిపించింది.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ వదిన


మందుల షాపు, కౌంటరు వెనక
జనవరి

వదినకి దణ్ణాలు.

మా ఆయన బస్సుకి బ్రేకులు ఎలా ఉన్నాయో తెలియదు గానీ హారను మాత్రం దివ్యంగా ఉంది. నీకు వినిపించదని తెలిసి కూడా కొడతాడు. "మర్యాద" అంటాడు.

ఐరన్ మాత్రలు భోజనం తర్వాత వేసుకో. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది. ఇంకో మాట ముందే చెబుతున్నాను, కంగారు పడకు. ఇవి వేసుకున్నన్నాళ్ళూ విరేచనం నల్లగా అవుతుంది. ఎవరో ఒకరు హడిలిపోయి కౌంటరు దగ్గరికి వస్తూనే ఉంటారు, "అమ్మాయ్, నా పని అయిపోయింది" అని. "మాత్ర పనిచేస్తోంది, ఇంటికెళ్ళండి" అని పంపేస్తుంటాను.

కడుపు నొప్పి గ్యాసే అయ్యుంటుంది. తెల్ల మందు సీసా ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇన్నేళ్ళు ఈ కౌంటరు వెనక నిలబడ్డందుకు నేను సగం డాక్టర్ననంటాడు మా ఆయన. మిగతా సగం ఎక్కడుందో ఆయనే వెతకాలి.

ఉపవాసం సంగతి నువ్వు రాశావు గనక నేనూ రాస్తాను. నువ్వు తినకపోతే నీ దేవుడికి కలిసొచ్చేదేమిటో నాకు చిన్నప్పటినుంచీ అర్థం కాలేదు. ఎనిమిదేళ్ళప్పుడు నీ ముందు కూర్చుని జడ వేయించుకుంటూ ఇదే అడిగాను. జడ గట్టిగా లాగావు తప్ప జవాబు చెప్పలేదు. ఇప్పుడు నా జుట్టు నీకు అందదు గనక ధైర్యంగా అడుగుతున్నాను. ఒక రోజు చాలదా?

నీ బుల్లి


మేడ మీది గది
ఫిబ్రవరి

బుల్లికి,

మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వన్నట్టే అయింది, నల్లగానే ఉంది. నువ్వు ముందే చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ ఆ కౌంటరు జనంలా హడిలిపోయేదాన్ని. తెల్ల మందు తాగిన పూట కాస్త నయం, మళ్ళీ మామూలే.

ఇవాళ నీకు ఒక సిగ్గుమాలిన పని చెప్పాలి. ప్రార్థన పుస్తకం ఒకదాంట్లో మోటారు పుస్తకం ఫారం కుట్టేశాను. ప్రతి ఫారానికీ మడత మీద ఒక నల్ల గుర్తు ఉంటుంది. సరిగ్గా పేరిస్తే వెన్ను మీద ఆ గుర్తులు మెట్లలా ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఒక్క మెట్టు పక్కకి పోయినా చూపు ఆగిపోవాలి. నాకు ఆగలేదు. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్ళద్దాలు తుడుచుకున్నాను, అద్దాల తప్పు కాదు.

అది నేరుగా మందిరానికి చేరింది. ఒక పెద్దాయన అందరి ముందూ నిలబడి గట్టిగా చదువుతున్నాడట. "ప్రభూ, మా అడుగులను" దగ్గర పేజీ తిప్పి, ఆపకుండా, అదే భక్తితో, "క్లచ్చు ప్లేటు అరిగినచో" అని చదివాడట. కటింగాయన భార్య అక్కడే ఉంది. కొందరు ఆమెన్ అనబోయి ఆగారట. షాపాయన నన్నేమీ అనలేదు. "మీ చేతినుంచి ఇది మొదటిదమ్మా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మధ్యలో ఒకసారి కూర్చుని లేస్తున్నాను. వయసు మరి. కానీ నా లోపల నెమ్మదిగానే ఉంది బుల్లీ. వారంలో సగం రోజులు ఉపవాసమే ఇప్పుడు. తినని రోజున నొప్పి ఉండదు, మనసులో చప్పుడు ఉండదు. మీ అన్నయ్య పోయాక ఇంత నెమ్మది నాకు ఎప్పుడూ రాలేదు. జవాబు అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకుంటున్నాను.

నీ వదిన


మందుల షాపు, స్టాకు గది
మార్చి

వదినకి,

క్లచ్చు ప్లేటు సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత మొహం గంభీరంగా పెట్టి, "అది తప్పేమీ కాదు, మా డిపోలో బస్సులన్నీ ప్రార్థన మీదే నడుస్తున్నాయి" అన్నాడు.

నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. అక్షరాలు అలుక్కుపోవడం, ఆయాసం, సగం వారం తిండి లేకపోవడం. వదినా, ఇదంతా ఒకటే కథ, నువ్వు ముక్కలు ముక్కలుగా రాస్తున్నావు. వయసంటావా, మా కౌంటరు దగ్గరికి నీకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు వచ్చి నాతో దెబ్బలాడి వెళ్తారు.

డాక్టరుకి చూపించుకో. నేను చెబుతున్నది సగం డాక్టరుగా కాదు, నీ చేతిలో పెరిగిన పిల్లగా. నీ దేవుడి మీద నాకేం కోపం లేదు. తినకపోవడం మీదే నా కోపమంతా. ఉపవాసం రోజు కాని రోజున నువ్వు ఏం తింటున్నావు? ఎంత? నిజం రాయి. "తింటున్నాను" అని రాస్తే ఒప్పుకోను.

బుల్లి


మేడ మీది గది
మార్చి

బుల్లికి,

నీ ఉత్తరం చదివి కాస్త బాధపడ్డాను. నువ్వు ప్రేమతోనే రాశావని తెలుసు. అయినా నాకు దొరికిన ఒక్క మంచిదాన్ని జబ్బు కింద జమకట్టావు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున పాలు, ఒక రొట్టె ముక్క. రాత్రికి కాస్త సూపు. అంతకన్నా తింటే ఆ పిడికిలి మళ్ళీ వస్తుంది. ఆకలి కూడా లేదు.

నీ మాత్రలు అయిపోలేదు, కొత్తవి పంపకు. ఖాళీ కడుపుతో పడవని నువ్వే రాశావు కదా, అందుకని ఉపవాసం రోజుల్లో మానాను. తర్వాత మొత్తానికే మానేశాను. చాలా రోజులైంది. అయినా ఆ నలుపు మాత్రం పోలేదు, ఇంకా ఎక్కువైంది, తారులా ఉంటోంది. అంత బలమైన మందు ఇచ్చావన్నమాట, ఒంట్లోంచి ఇంకా దిగలేదు.

డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్తాను. ప్రార్థన పుస్తకాలు ఇంకా సగం ఉన్నాయి. ఈసారి ప్రతి వెన్నూ రెండుసార్లు చూస్తున్నాను.

వదిన


మందుల షాపు

వదినా,

ఈ కాగితం మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. బస్సు ఇంకొకరికి అప్పజెప్పి నీ గుమ్మం ముందు నిలబడి ఉంటాడు. చదివి, చెప్పులేసుకుని, ఆయన వెంట ఆసుపత్రికి వెళ్ళు. జిగురు గిన్నె మూత కూడా పెట్టకు.

మాత్ర మానేసిన కొద్ది రోజులకే రంగు మామూలుగా అయిపోవాలి. ఒంట్లో నిలవుండేది కాదు అది. మానేశాక కూడా తారులా వస్తోందంటే అది మాత్ర కాదు. రక్తం. నీ కడుపులో ఎక్కడో కారుతోంది, కిందికి దిగేసరికి నల్లబడుతోంది. నీ ఆయాసం అదే, నీ కళ్ళు అదే.

నలుపు చూసి కంగారు పడకు అన్నదాన్ని నేనే. ఇప్పుడు నేనే చెబుతున్నాను, కంగారు పడు.

దెబ్బలాట తర్వాత. ముందు వెళ్ళు. నేను వెనకాలే వస్తున్నాను.

బుల్లి


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం
ఏప్రిల్

బుల్లికి,

నువ్వు వెళ్ళాక రెండు సీసాల రక్తం ఎక్కించారు. నా గోళ్ళకి రంగొచ్చింది. పక్క మంచం ఆవిడ "కొత్త పెళ్ళికూతురిలా ఉన్నారు" అంది. పెళ్ళికూతురికి చేతిలో సూది ఉండదని చెప్పాను.

నువ్వు వచ్చేసరికి గొట్టం పరీక్ష అయిపోయింది గనక అది రాస్తాను. నోట్లోంచి సన్నటి గొట్టం దింపి డాక్టరమ్మ తెర మీద నా కడుపు నాకే చూపించింది. కింది కొసన, తిన్నది పేగులోకి దిగే దారికి దగ్గర్లో, బఠాణీ కన్నా పెద్ద బుడిపె ఒకటి ఉంది. నడిమధ్యన బొడ్డులా చిన్న గుంట. ఆ గుంట పక్కన పుండు. రక్తం అక్కడిది.

ఇక నువ్వు దాచిన సంగతి. గాజు తలుపు అవతల డాక్టరమ్మ నీతో మాట్లాడుతుంటే నేను ఇక్కడినుంచి చూశాను. వినిపించదని మీరిద్దరూ నిశ్చింతగా నిలబడ్డారు. "క్యాన్సరు కావచ్చు" అంది. "ముక్క తీశాం, రిపోర్టు రావాలి, పెద్దావిడకి ఇప్పుడే చెప్పకండి" అంది. ఆ మాట అంటూ నా వైపు చూసింది కూడా. నువ్వు లోపలికొచ్చి "ఉత్త అల్సరు వదినా" అన్నావు. నీ పెదాలు అల్సరు అన్నాయి, నీ ముక్కు ఎర్రగా ఉంది. నేను తలూపాను. నువ్వు దాచావు, నేనూ దాచాను. ఇద్దరం సమానం, దాని గురించి ఏడవకు.

ఆ ముక్క రిపోర్టు వచ్చింది. అందులో ఏమీ తేలలేదు. బుడిపె పైపొర కింద ఉందట, వాళ్ళకి చిక్కింది పైపొర మాత్రమేనట. నిన్న పెద్ద డాక్టరు వచ్చి మంచం మీద కూర్చుని, నాకు కనిపించేలా నెమ్మదిగా మాట్లాడాడు. తన అనుమానం వేరే అన్నాడు. కడుపు వెనక క్లోమం అని ఒక గ్రంథి ఉంటుందట, తిన్నదాన్ని అరిగించే రసం అక్కడ తయారవుతుందట. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు, అవయవాలు తయారయ్యేవేళ, ఒక్కోసారి దాని ముక్క విడిపోయి దారి తప్పి కడుపు గోడలో ఉండిపోతుందట. చాలామందికి అది ఉన్నట్టు చచ్చేదాకా తెలియదట. కొందరికే ఇలా పుండు పడి రక్తం పోతుందట. కానీ చెడ్డ గడ్డ కూడా చూడ్డానికి ఇలాగే ఉండొచ్చు, కోసి తీసి చూస్తే తప్ప తేలదన్నాడు.

"నొప్పి తిన్నప్పుడే ఎందుకు వచ్చేది?" అని అడిగాను.

"మీరు తింటే అది కూడా పనిలోకి దిగుతుందమ్మా. క్లోమం కదా, రసం వదులుతుంది. ఆ రసం పోవడానికి సరైన దారి లేదు, చుట్టూ ఉన్న కడుపు గోడనే తినేస్తుంది."

"తినని రోజున హాయిగా ఉండేది."

"తినకపోతే దానికి పని లేదు. ఊరుకుంటుంది. అంతే."

అంతే అన్నాడు బుల్లీ. మంచి మనిషి, నా దుప్పటి సర్ది వెళ్ళాడు. నేను ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నేను జవాబు అనుకున్నది ఒక చిన్న కండ పని మానేసి పడుకోవడం.

ఆపరేషనుకి సంతకం అడిగారు. పెట్టలేదు. ఆలస్యమైతే మళ్ళీ రక్తం పోవచ్చని చెప్పారు. చావంటే భయం కాదు నాకు. నాకు అడగడం ఒక్క తీరునే తెలుసు, తినకుండా కూర్చుని అడగడం. ఇక్కడ నర్సు పూటపూటా గిన్నె పట్టుకొచ్చి నేను తినేదాకా కదలదు. తిన్నాక నొప్పిలో అడగలేను. తినకుండా ఉంటే వచ్చే ఆ నెమ్మది ఎక్కడిదో తెలిసిపోయాక అలా కూడా అడగలేను. అడక్కుండా సంతకం పెట్టడం నా వల్ల కావడం లేదు.

ఈ ఉత్తరం మీ ఆయన తిరుగు బస్సులో తెస్తాడు.

నీ వదిన


మందుల షాపు ముందు, అరుగు మీద
ఏప్రిల్

వదినకి,

షట్టరు ఇంకా తెరవలేదు. అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

అబద్ధం చెప్పినందుకు నన్ను తిట్టకపోవడం అన్యాయం. తిడితే తేలికపడేదాన్ని. నీ కళ్ళ ముందు పెదాలు కదపకూడదన్న సంగతి, నీ చేతిలో పెరిగి కూడా, మరిచిపోయాను. చిన్నప్పుడు నీ వెనక నిలబడి విసుక్కుంటే నీకు తెలిసేది కాదు, ఎదురుగా గొణిగితే మాత్రం దొరికిపోయేదాన్ని.

దేవుడి గురించి నీకు చెప్పేంతటిదాన్ని కాను. ఒక్కటి మాత్రం చెబుతాను, అది నేను చూసింది గనక. నాకు పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి అందరూ ఆశ వదిలేశారు కదా. అమ్మ అప్పటికే లేదు. నువ్వు నా పక్కనే ఉన్నావు. నాకు ఒక ముద్ద పెట్టి, నేను మింగడానికి మొరాయిస్తే, "చూడు, నేనూ తింటున్నా" అని నువ్వొక ముద్ద తినేదానివి. నాకొకటి, నీకొకటి. అలా ప్రతి పూటా నా కోసం కడుపునిండా తిని, గిన్నె అక్కడే పెట్టి, చెయ్యైనా కడుక్కోకుండా కళ్ళు మూసుకునేదానివి. నేను దొంగచూపు చూసేదాన్ని. నీ పెదాలు కదిలేవి. ఆ వారంలో ఒక్క రోజు కూడా నువ్వు ఉపవాసం లేవు. ఉంటే నేను తినేదాన్ని కాదు. మరి అప్పుడు అడిగావు కదా? నేను బతికే ఉన్నాను కదా?

నీ నెమ్మది గురించి నాకు తెలియదు. ఆ కండ పడుకున్నందువల్ల వచ్చిందో, ఇంకెక్కడినుంచి వచ్చిందో పెద్ద డాక్టరుకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆయన నొప్పి గురించి చెప్పాడు. నువ్వు దాన్ని అన్నిటికీ అంటగట్టావు.

నీకు అడగడం రాకపోతే ఈసారికి నేను అడుగుతాను. నాకు పద్ధతులు తెలియవు. ఉపవాసం అసలే రాదు, ఇప్పుడే టీలో బన్ను ముంచుకుని తిన్నాను, పొడి ఈ కాగితం మీద కూడా పడింది, చూడు. నోరు కూడా తుడుచుకోకుండా అడిగాను. "మా వదిన నీ మనిషి, నాకు నీతో అంతగా పరిచయం లేదు, కానీ ఆవిడ్ని నాకు ఉంచు" అన్నాను. షాపు ఓనరు వచ్చి "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు. "మీకు తెలిసినాయనే" అన్నాను.

నావంతు అయింది. నువ్వు సంతకం పెట్టు.

నీ బుల్లి


ఆసుపత్రి

బుల్లీ,

పెట్టాను. రేపు పొద్దున్నే తీసుకెళ్తారట. ఇవాళ రాత్రినుంచి నోట్లో ఏమీ వెయ్యకూడదని నర్సు చెప్పి వెళ్ళింది. తినిపించి తినిపించి ఇప్పుడు వీళ్ళే ఉపవాసం ఉంచుతున్నారు. నవ్వొచ్చింది.

బన్ను పొడి కాగితంలోనే మడిచి దిండు కింద పెట్టుకున్నాను.

వదిన


ఆసుపత్రి, అదే కిటికీ
మే

బుల్లికి,

నువ్వు ఆపరేషను రోజున ఉండి, నేను కళ్ళు తెరిచేదాకా ఉండి వెళ్ళావు. నేను మత్తులో ఏదో వాగానట, నర్సు చెప్పింది. "ఫారం సరిచూశారా" అని అందర్నీ అడిగానట.

రిపోర్టు వచ్చింది. నువ్వు ఈ ఉత్తరం నిలబడి చదువుతుంటే కూర్చో. చెడ్డది కాదు. పెద్ద డాక్టరు అనుమానమే నిజం, క్లోమమే. కడుపు గోడలో ఆ కాస్త మేరా కోసి కుట్టేశారు. ఇంకేమీ మిగల్లేదు, మందులు కూడా కొన్నాళ్ళే.

నేను ఆయన్ని కుట్టు గురించి అడిగాను. రెండు వరసలు వేశారట. "దారం బిగించి లాగారా, వదులుగానా?" అంటే ఆయన నా వైపు వింతగా చూశాడు. ఎక్కువ బిగిస్తే కాగితం తెగుతుంది, వదులైతే ఫారం జారుతుంది అని చెప్పాను. "ఇక్కడా అంతేనమ్మా" అన్నాడు. అప్పటినుంచి నాతో ఒకే పని చేసేవాళ్ళలా మాట్లాడుతున్నాడు.

ఆ ముక్క ఎలా ఉందని అడిగాను. అన్నీ సరిగ్గా ఉన్నాయట. క్లోమంలో ఏమేం ఉండాలో అవన్నీ ఉన్నాయట, పనీ సరిగ్గానే చేసేదట. చోటే తనది కాదట. నాకు వెంటనే క్లచ్చు ప్లేటు గుర్తొచ్చింది. నవ్వబోతే కుట్లు లాగాయి, పొట్ట పట్టుకుని ఆపుకున్నాను. మోటారు ఫారంలో మాత్రం ఏం తప్పుంది? ఒక్క అక్షరం పోలేదు. డ్రైవింగు స్కూలు పిల్లాడికి అది కావలసిన పేజీనే.

నా చేతిలో ఇన్నేళ్ళలో ఒక్కటి తప్పిందని సిగ్గుపడి చచ్చాను. నేను పుట్టకముందే నాలో ఒకటి తప్పి ఉంది. ఎవరినీ నిలదియ్యాలని అనిపించలేదు. ఎంత పని జరిగి ఉంటుంది అక్కడ, ఎన్ని ఫారాలు.

నీ వదిన


మందుల షాపు, కౌంటరు వెనక
మే

వదినకి,

కూర్చోమన్నావు గానీ కౌంటరు వెనక కుర్చీ లేదు, మందుల పెట్టె మీద కూలబడ్డాను. దగ్గు మందు సీసాలు రెండు పగిలాయి. ఓనరు పరిగెత్తుకొస్తే "మా వదినకి క్లోమమే" అన్నాను ఏడుస్తూ. ఆయన పాపం సానుభూతి చూపించాడు.

నా ప్రార్థన పనిచేసిందో, ఆ డాక్టరు చెయ్యి పనిచేసిందో నేను తేల్చను. ఇద్దరికీ థాంక్సు చెప్పాను. మా ఆయన హారనుకి కూడా కాస్త వాటా ఇవ్వాలంటున్నాడు.

ఇప్పుడు ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు ఇంకో మాట చేర్చి చెబుతున్నాను. "నల్లగా వస్తే కంగారు పడకండి, కానీ మానేశాక కూడా నల్లగా వస్తే ఆసుపత్రికి పరిగెత్తండి" అని. నిన్న ఒకాయన "ఇంత పొడుగు చెబితే ఎవరికి గుర్తుంటుందమ్మాయ్" అన్నాడు. "మా వదిన్ని అడగండి" అన్నాను.

తింటున్నావా? ఏమేం? ఎంత?

బుల్లి


మేడ మీది గది
జూన్

బుల్లికి,

పొద్దున రెండు రొట్టెలు, గుడ్డు, పాలు. మధ్యాహ్నం పళ్ళెం నిండా భోజనం, మారు కూడా వడ్డించుకున్నాను. రాత్రికి దాంట్లో సగం. చాలా? నొప్పి లేదు. ఆ పిడికిలి తెరుచుకుని వెళ్ళిపోయింది.

షాపుకి సగం పూట వెళ్తున్నాను. బరువులు ఎత్తనివ్వడం లేదు, కటింగాయన నా ఫారాల కట్టలు తానే మోసుకొచ్చి బల్ల మీద పెడుతున్నాడు. మెట్లు ఆగకుండా ఎక్కాను. అక్షరాలు నిలకడగా ఉన్నాయి.

ఆ ప్రార్థన పుస్తకం మందిరం వాళ్ళు తిరిగి పంపారు. ముందు నేను దాన్ని చూడ్డానికి ఇష్టపడలేదు. తర్వాత అట్ట ఊడదీసి, జిగురు గీకి, కుట్లు ఒక్కొక్కటే కోసి, మోటారు ఫారం చిరక్కుండా బయటికి తీశాను. సరైన ఫారం పెట్టి మళ్ళీ కుట్టాను. బయటినుంచి చూస్తే తెలియదు. నా వేళ్ళకి మాత్రం ఆ చోట వెన్ను కాస్త మందంగా తగులుతుంది. నా పొట్ట మీద గీత కూడా అంతే.

తీసిన ఫారం పారెయ్యలేదు. దీనితో పంపుతున్నాను, మీ ఆయనకి ఇవ్వు. క్లచ్చు ప్లేటు గురించి వివరంగా ఉంది. బస్సుకి పనికొస్తుంది.

ఇక నువ్వు అడగకపోయినా చెప్పవలసింది. నిన్న నా పాత ఉపవాసం రోజు. వారానికి ఒకటైతే ఉండొచ్చని, తొందరేమీ లేదని పెద్ద డాక్టరు చెప్పాడు. పొద్దున లేచి చాలాసేపు ఆలోచించాను. తర్వాత భోజనం చేశాను. నువ్వు జ్వరంలో ఉన్నప్పుడు చేసినట్టే, గిన్నె అక్కడే పెట్టి, చెయ్యి కడుక్కోకుండా కళ్ళు మూసుకున్నాను.

నెమ్మది రాలేదు బుల్లీ. ఒళ్ళు తేలిక కాలేదు. పొట్ట బరువుగా ఉంది, కునుకు కూడా వచ్చింది. వేళ్ళ మీద మెతుకులు ఎండిపోతున్నాయి. జవాబు అనుకోదగ్గది ఏదీ వినిపించలేదు. అదీగాక నా చెవుల సంగతి నీకు తెలుసు.

అయినా లేవలేదు. నీ పేరు చెప్పాను. మీ ఆయన పేరు, ఆ పెద్ద డాక్టరు పేరు, నర్సు పేరు తెలియక "గిన్నె తెచ్చే పిల్ల" అని చెప్పాను. కింద మిషను ఆగినట్టు నేల అదురు తగ్గింది, అంటే అందరూ భోజనానికి లేచారన్నమాట. ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.

నీ వదిన